మా ఆయన ఏ దావత్‌కూ రాడు, అందరూ పొగరు అంటున్నారు. ఇది జబ్బా, స్వభావమా?

మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది, మిగతావాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మిర్యాలగూడ దగ్గర ఊరు, పెండ్లయి తొమ్మిదేండ్లు. మీ ఆయన ఇంట్లో బంగారం లాంటి మనిషి. కానీ మీ పుట్టింటి వైపు ఏ ఫంక్షన్‌కు పిలిచినా రాడు, వచ్చినా బండి దిగగానే మాయం, అత్తగారి ఫోన్ ఎత్తడు. మీ చెల్లెలి పెండ్లిలో కట్నాలు చదివించే చోటికి పిలిస్తే చెమటలు పట్టి బయటికి వెళ్లినాయన మళ్లీ లోపలికి రాలేదు. అప్పటి నుంచి మీ నాయిన ఆయనతో మాట్లాడటం లేదు. కొంచెం తాగితే మాత్రం అందరితో బాగానే కలుస్తాడు. వచ్చే నెల మీ తమ్ముడి ఎంగేజ్‌మెంట్. ఇది పొగరా, జబ్బా, నేనేం చేయాలి అని అడిగారు.

పొగరు కాదు. మీరు రాసింది చూస్తే సోషల్ యాంగ్జైటీ లాగే ఉంది, అంటే నలుగురూ నన్నే చూస్తున్నారు, నేను వాళ్ల ముందు నవ్వులపాలవుతాను అనే భయం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, అదే అయితే ఈ వయసులో కూడా బాగా తగ్గుతుంది. కానీ వచ్చే నెలలోపు మీరు చేయాల్సింది ఆయన్ని మార్చడం కాదు. ఆయన తరఫున సాకులు చెప్పడం ఆపేయండి. మీ పోస్టులోనే మూడు చోట్ల ఉంది: "జ్వరం అని చెప్పాను", "మిల్లులో లోడు వచ్చిందని చెప్పాను", "ఫోన్ పాడైందని చెప్పాను". మీ నాయినకు కోపం తెప్పించింది మీ ఆయన భయం కాదు, ఆ భయం సంగతే ఆయనకు ఇంతవరకు తెలియదు. ఆయనకు తెలిసింది ఆ మూడు అబద్ధాలే.

నేను క్లినికల్ సైకాలజిస్టును, నల్గొండలో మొదలుపెట్టి ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో, పదిహేడేండ్ల నుంచి ఇదే పని. మందులు రాసే డాక్టర్‌ను కాదు, అది మొదటే చెప్పాలి. ఈ పదిహేడేండ్లలో భయం వల్ల తెగిన చుట్టరికాలకంటే ఆ భయాన్ని కప్పిపుచ్చడానికి చెప్పిన సాకుల వల్ల తెగినవే ఎక్కువ చూశాను.

ఎందుకో మీ నాయిన వైపు నుంచి ఆలోచించండి. అల్లుడికి జ్వరం అన్నారు, సరే. రెండోసారి లోడు అన్నారు, సరే. మూడోసారికి ఆ ఊరి నుంచి వచ్చినోళ్లెవరో "మీ అల్లుడు పొద్దున హోటల్ దగ్గర చాయ్ తాగుతూ కనిపించిండు" అంటారు. మన దగ్గర ఊర్ల మధ్య దూరమెంత? అయిపోయింది. ఇక ఆయన మనసులో మిగిలేది ఒకటే లెక్క, "మా ఇల్లంటే లెక్కలేదు". భయపడే మనిషి బయటికి ఎలా కనిపిస్తాడో చూడండి: కళ్లలోకి చూడడు, పలకరిస్తే ముక్తసరిగా మాట్లాడతాడు, నవ్వడు, తొందరగా వెళ్లిపోతాడు. ఇవన్నీ పొగరుకు కూడా గుర్తులే కదా. అసలు కారణం తెలియనివాళ్లు పొగరనే అనుకుంటారు, వాళ్లను తప్పు పట్టడానికి లేదు.

ఇంకో సంగతి, దీని గురించి ఎవరూ ఆలోచించరు. మన వైపు అల్లుడికి చేసే మర్యాదే ఇలాంటి మనిషికి పెద్ద శిక్ష. మామూలు చుట్టమైతే గుంపులో ఒక మూల కూర్చుని తిని పోవచ్చు. అల్లుడు అలా పోవడానికి లేదు. రాగానే కాళ్లకు నీళ్లు, ముందు కుర్చీ, బొట్టు పెట్టి బట్టలు పెడతారు, పక్కింటోళ్లు కూడా వచ్చి "ఏం అల్లుడూ, ఎప్పుడొచ్చినవ్" అంటారు, తింటుంటే ముగ్గురు నిలబడి "ఇంకో ముక్క వెయ్యి, మొహమాట పడుతుండు" అంటారు. తినేటప్పుడు ఎవరైనా చూస్తే ముద్ద దిగని మనిషికి ఇది ఎలా ఉంటుందో ఊహించండి. మీ అమ్మ ప్రేమతోనే చేస్తుంది. ఆయనకు మాత్రం పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ పక్కన నిలబడ్డట్టు ఉంటుంది.

కట్నాలు చదివించే చోటు దీనికంటే కష్టం. పేరు మైకులో చదువుతారు, నోట్లు అందరి ముందు తీసి ఇవ్వాలి, కొన్నిచోట్ల పుస్తకంలో సంతకం కూడా. నలుగురి ముందు రాయడం, చేయి వణుకుతుందేమో అన్న భయం ఈ జబ్బులో బాగా తెలిసిన లక్షణం. బ్యాంకులో ఫారం నింపలేక చదువుకున్న మనిషి అయ్యుండి కూడా పక్కవాడికి ఇచ్చి రాయించుకునేవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు.

ఒకాయన గురించి చెబుతాను (వివరాలు మార్చాను, ఊరు చెప్పను). ముప్పై ఎనిమిదేండ్లు, లెక్కలు రాసే ఉద్యోగం. వాళ్లావిడ వైపు వాళ్లంతా ఆయన్ని మెచ్చుకునేవాళ్లు, పెండ్లిళ్లలో అంత కష్టపడే అల్లుడు లేడని. వెళ్లగానే చొక్కా చేతులు మడిచి సాంబారు బకెట్ పట్టుకునేవాడు, పొద్దుగూకే దాకా వడ్డిస్తూనే ఉండేవాడు. నా దగ్గరికి వచ్చింది నిద్ర పట్టడం లేదని. నాలుగోసారి కూర్చున్నప్పుడు నోరు విప్పాడు: "మేడం, బకెట్ చేతిలో ఉంటే ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడరు. గరిటె కదులుతుంటది కాబట్టి చేతి వణుకు కనిపించదు. అన్నం నేను ఇంటికొచ్చి తింటా." పన్నెండేండ్లుగా ఆ మనిషి ఏ పెండ్లిలోనూ నలుగురితో కలిసి బంతిలో కూర్చోలేదు, ఇంట్లో ఒక్కరూ గమనించలేదు. ఆయన బకెట్ పట్టుకున్నాడు, మీ ఆయన బయటికి వెళ్లిపోయాడు. భయం ఒకటే, కాకపోతే ఆయనకు మంచి పేరొచ్చింది, మీ ఆయనకు చెడ్డపేరొచ్చింది.

ఆ బకెట్‌ను మేం రక్షణ అలవాటు అంటాం. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అని ఇద్దరు బ్రిటిష్ సైకాలజిస్టులు ఈ భయం ఏండ్ల తరబడి ఎందుకు తగ్గదో వివరించారు, ఇప్పటి వైద్యంలో చాలా భాగం దాని మీదే నడుస్తోంది. నా మాటల్లో చెప్పాలంటే మూడు జరుగుతాయి. నలుగురిలోకి వెళ్లగానే మనిషి చూపు ఎదుటివాళ్ల మీద కాకుండా తన మీదికే తిరుగుతుంది, నా చేయి వణుకుతుందా, గొంతు మారిందా, చెమట కనిపిస్తుందా అని. దాంతో ఎదుటివాడు ఏమడిగాడో కూడా సరిగా వినపడదు, జవాబు తడబడుతుంది, "చూశావా, నేను అనుకున్నదే అయింది" అనుకుంటాడు. రెండోది ఆ బకెట్ లాంటివి: గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం, ఫోన్ చూస్తున్నట్టు నటించడం, చెప్పబోయే మాటను లోపల నాలుగుసార్లు అనుకోవడం. వాటితో ఆ పూట గండం గడుస్తుంది, కానీ అవి లేకున్నా ఏమీ కాదన్న సంగతి మాత్రం ఎప్పటికీ తెలియదు. మూడోది రాత్రి. అందరూ పడుకున్నాక ఆ రోజు జరిగిందంతా మళ్లీ మళ్లీ తిప్పి చూసుకోవడం, అదీ తప్పులు మాత్రమే ఏరి. మీ ఆయన ఫంక్షన్ అయిన రోజు రాత్రి ఎక్కువసేపు మెలకువగా ఉంటాడా? అడగండి. కోపంగా కాదు, ఊరికే.

అయితే ఇది సోషల్ యాంగ్జైటీయేనా అని ఎలా తెలుసుకోవాలి? ఫంక్షన్లకు రాని ప్రతి మగాడికీ ఈ జబ్బు ఉందని నేను అనను. కొందరికి నిజంగానే గోల నచ్చదు, వాళ్లకు వెళ్లనందుకు బాధ ఉండదు. భయం ఉన్నవాడికి వెళ్లాలనే ఉంటుంది. "ఎవరూ నిన్ను చూడరు, ఎవరూ మాట్లాడించరు అని గ్యారంటీ ఇస్తే వెళ్తావా?" అని అడిగితే గోల నచ్చనివాడు అప్పుడూ వద్దనే అంటాడు, భయమున్నవాడు "అట్లయితే వెళ్తా" అంటాడు. ఇంకోటి, సొంత అక్కచెల్లెళ్ల ఇండ్లల్లో, తన స్నేహితుల దగ్గర కూడా ఇలాగే ఉంటాడా చూడండి. అక్కడ హాయిగా ఉండి మీ పుట్టింట్లో మాత్రమే ఇలా ఉంటే అది జబ్బు కాదమ్మా, మీవాళ్లతో ఆయనకేదో పాత పంచాయితీ ఉంది, దాని సంగతి వేరే. ఇంతకుముందు బాగా కలిసే మనిషి ఈ మధ్యే ముడుచుకుపోతే డిప్రెషన్ ఏమో చూపించాలి. సోషల్ యాంగ్జైటీ ఎక్కువమందిలో బడి వయసులోనే మొదలవుతుంది, 8 నుంచి 15 ఏండ్ల మధ్య. అందుకే నేను వచ్చినవాళ్లను ముందు బడి గురించే అడుగుతా. పాఠం నిలబడి చదవమంటే ఏమయ్యేది, కబడ్డీలో పేరు ఇచ్చేవాడివా అని. ఆరు నెలలకు పైగా ఉండి, పనికో చుట్టరికానికో అడ్డం పడుతుంటేనే దాన్ని జబ్బు లెక్కలో చూస్తాం. మీ ఆయనకు తొమ్మిదేండ్లు మీకు తెలిసే ఉంది.

మిగతా భయాలు కూడా చుట్టరికాలను ఇలాగే తింటాయి. అక్క హైదరాబాదులో తొమ్మిదో అంతస్తులో ఫ్లాటు కొంటే లిఫ్టు భయంతో గృహప్రవేశానికి పోని చెల్లెలు, కుక్క ఉందని స్నేహితురాలి ఇంటికి పోవడం మానేసిన అమ్మాయి. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది రక్తం, సూది భయం. ఇద్దరు అన్నదమ్ములు, తండ్రికి ఆపరేషన్ అయితే చిన్నవాడు ఆసుపత్రికి రాలేదు. వచ్చాడు గానీ గేటు దాకే. డిశ్చార్జి దాకా బయట చెట్టు కింద కూర్చున్నాడు. పెద్దవాడు ఇప్పటికీ "బాపు చావుబతుకుల్లో ఉంటే మొఖం చూపియ్యలేదు" అంటాడు. చిన్నవాడికి రక్తం, సెలైన్ సూది కనిపిస్తే కళ్లు తిరిగి పడిపోతుంది, సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. మిగతా భయాల్లో గుండె కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది. ఈ ఒక్క భయంలో ముందు కాస్త పెరిగి ఆ వెంటనే ఒక్కసారిగా పడిపోతుంది, అందుకే సొమ్మసిల్లుతారు. దీనికి లార్స్ యోరాన్ ఓస్ట్ అనే స్వీడన్ సైకాలజిస్టు చెప్పిన చిట్కా చాలా సులువు: చేతులు, కాళ్లు, కడుపు కండరాలను 10–15 సెకండ్లు ముఖం వేడెక్కేదాకా బిగపట్టి, తర్వాత 20–30 సెకండ్లు మామూలుగా ఉండి, అలా ఐదుసార్లు చేయాలి. బీపీ పడిపోకుండా నిలబడుతుంది. ఇక్కడ "ఊపిరి వదిలి రిలాక్స్ అవ్వు" అనే మామూలు సలహా తిరగబడుతుంది, ఇంకా తొందరగా పడిపోతారు. ఆ అబ్బాయికి నేర్పడానికి నాకు ఐదు వారాలు కూడా పట్టలేదు. అన్నదమ్ములను కలపడం మాత్రం నా వల్ల కాలేదు.

సరే, మీ తమ్ముడి ఎంగేజ్‌మెంట్ సంగతి.

ముందు మీ నాయినకు నిజం చెప్పండి, కానీ మీ ఆయన్ని అడిగి చెప్పండి. ఆయనకు తెలియకుండా చెబితే, "నా గురించి అందరికీ తెలిసిపోయింది" అని ఇంకా ముడుచుకుపోతాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక, "నువ్వు పొగరుతో చేస్తలేవని నాకు తెలుసు, నాయినకు తెలియదు, ఒక్క నాయినకే చెప్తా, ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు" అనండి. జబ్బు పేరు కూడా అవసరం లేదు. "ఆయనకు మందిలో కూసుంటే చేతులు వణుకుతయి నాయినా, చిన్నప్పటి సంది ఉంది, మీ మీద కోపం కాదు" అంటే చాలు. పేరు చెబితే మన దగ్గర ఎవరో ఒకరు ఎర్రగడ్డ అనే మాట తెస్తారు, దాంతో విషయం చెడుతుంది.

తర్వాత, ఆ రోజే తీసుకెళ్లి గుంపులో దింపకండి. నేను కొత్తలో చేసిన తప్పు ఇదే. ఒక కుర్రాడితో రెండు మూడు వారాలు కూర్చోగానే బాగా మాట్లాడుతున్నాడని మురిసిపోయి, కురుమూర్తి జాతరకు వెళ్లి రా, ఎదుర్కో అని పంపాను. నా తొందరే అది. జనం మధ్యలో ఊపిరాడక పరుగెత్తుకుంటూ బస్సెక్కాడు, ఏడాది పాటు నా దగ్గరికి రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు అన్న మొదటి మాట, "మేడం, మీరు కూడా అందరిలెక్కనే". మెట్లెక్కడం నేర్పకుండా మిద్దె మీద నిలబెట్టాను అన్నమాట.

మీకు నాలుగు వారాలుంది కాబట్టి నా లెక్కలో ఇలా పోవచ్చు. మొదటి వారం అత్తగారి ఫోను. మీరే కలిపి ఇవ్వండి, రెండు నిమిషాలు, స్పీకర్ వద్దు (స్పీకర్ పెడితే వినేవాళ్లు పెరుగుతారు), ఏదైనా ఒక్క పనికొచ్చే సంగతి అడిగి పెట్టేయాలి. ఊరికే "బాగున్నరా" మాటలే ఇలాంటివాళ్లకు కష్టం. రోజు విడిచి రోజు చేయండి. రెండో వారం ఏ ఫంక్షనూ లేని రోజు, ఇంట్లో మీ అమ్మానాయినలు ఇద్దరే ఉన్నప్పుడు గంట సేపు వెళ్లి రండి. మర్యాదలు వద్దని ముందే చెప్పండి, చాయ్ చాలు. మీ నాయినకు ఈలోపు నిజం తెలిసి ఉంటుంది కాబట్టి ఆ గంట ఎక్కువ పని చేస్తుంది. మూడో వారం అదే ఇంట్లో కూర్చుని అన్నం. ఎంగేజ్‌మెంట్ నాడు అందరికంటే ముందు వెళ్లండి, ఆలస్యంగా కాదు. ఆలస్యంగా వెళ్తే నిండిన హాల్లోకి అడుగు పెట్టాలి, రెండొందల మంది తలలు తిరుగుతాయి. ముందే వెళ్లి కూర్చుంటే జనం ఒక్కొక్కరే వస్తారు. ఎంతసేపు ఉంటారో ముందే మాట్లాడుకోండి, గంట అంటే గంట. కానీ మధ్యలో భయం బాగా ఎక్కినప్పుడు కాకుండా కాస్త దిగాక లేవాలి, ఎందుకంటే భయం పీక్‌లో ఉండగా పారిపోతే పారిపోవడమే మందు అని మనసు రాసి పెట్టుకుంటుంది. ఫొటోలు, స్టేజీ ఈసారికి వదిలేయండి.

పోయే ముందు ఒక చిన్న కాగితం మీద ఆయన్నే రాయమనండి: "ఏమవుతుందని భయపడుతున్నా?" ఆ బకెట్ ఆయన రాసింది, "కట్నం ఇచ్చేటప్పుడు చేయి వణుకుతుంది, కనీసం పది మంది చూసి నవ్వుతారు" అని. వెళ్లి ఇచ్చి వచ్చాడు. చేయి వణికిందా? వణికింది. ఎంతమంది నవ్వారు? పుస్తకం రాసే పిల్లగాడు తలే ఎత్తలేదు, "ఇంటి పేరు చెప్పన్నా" అన్నాడంతే. ఆ కాగితం ఆయన పర్సులో చాలా రోజులు పెట్టుకున్నాడు.

మీరు మాత్రం పక్కనుండి ఆయన బదులు జవాబులు చెప్పకండి. ఇది భార్యలకు అలవాటైపోతుంది, ఎవరైనా "ఏం చేస్తున్నవ్ బావా" అనగానే మీరే "మిల్లులో చేస్తుండు" అంటారు. ఐదు సెకండ్లు ఆగండి, ఆ ఐదు సెకండ్లు మీకూ కష్టంగానే ఉంటుంది. ఇంకో మాట, మీ ఆరేండ్ల పాప కూడా చుట్టాలొస్తే వెనక దాక్కుంటుందని చివర్లో రాశారు. ఆ వయసులో అది మామూలే. "రైమ్ చెప్పు, డ్యాన్స్ చెయ్యి" అని అందరి ముందు నిలబెట్టకుండా ఉంటే చాలు.

భయం ఉందని అన్నీ భరించమని కాదు. ఫంక్షన్ నుంచి వచ్చాక మీ మీద అరిస్తే, మిమ్మల్ని కూడా పుట్టింటికి పోవద్దంటే, అది ఈ జబ్బు లక్షణం కాదు. మీరూ పిల్లలూ ఆయన లేకున్నా వెళ్లండి. అడిగితే "ఆయన రాలేకపోయిండు" అనండి, అది అబద్ధం కాదు.

వైద్యం: మాటలతో చేసేది, సీబీటీ అంటారు, మామూలుగా 12 నుంచి 16 సార్లు కూర్చోవాలి. మందుల్లో ఎక్కువగా ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి సైకియాట్రిస్టులు రాస్తారు. పని మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి రెండో వారమే "ఏం లాభం లేదు" అని మానేయొద్దు, తగ్గాక కూడా ఒక్కసారిగా ఆపొద్దు. మెడికల్ షాపులో ఎవరో ఇచ్చిన ప్రొప్రానొలాల్ వేసుకుని పెండ్లికి పోయేవాళ్లు ఉన్నారు. వణుకు తగ్గుతుంది నిజమే, కానీ ఆస్తమా ఉన్నవాళ్లకు అది ప్రమాదం, డాక్టర్‌ను అడగకుండా వద్దు. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మూడు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి, సైకియాట్రీ ఓపీ అని అడగండి. మందిలో ఓపీ క్యూలో నిలబడటమే ఆయనకు భయమైతే (నవ్వకండి, చాలామందికి అదే అడ్డు) ముందు 14416కు ఫోన్ చేయించండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోనే ఎత్తని మనిషి ఫోన్ ఎలా చేస్తాడంటారా, మొదటిసారి మీరే మాట్లాడొచ్చు.

ఇక చివరిది, మీరు ఒక్క లైనులో రాసి వదిలేశారు గానీ నాకు అన్నిటికంటే అదే ముఖ్యంగా అనిపించింది. "కొంచెం తాగితే బాగానే కలుస్తాడు." ఈ భయం ఉన్నవాళ్లు తాగుడులోకి దిగే దారి అదే, మొదట ఫంక్షన్‌కు ముందు, తర్వాత ఫోన్ ఎత్తడానికి ముందు. ఆయన తాగేది కల్లు అయితే ఇంకో చిక్కుంది. మన వైపు కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటివి కలుపుతారని మీకూ తెలుసు. అవి భయాన్ని కాసేపు అణచే మందులే, అందుకే ఆయనకు అంత "బాగా" ఉంటుంది. అలాంటిది రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, నిద్రలేమి, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ఆ వణుకును మీరంతా పాత భయమే అనుకుంటారు. కాబట్టి ఈ ఎంగేజ్‌మెంట్ కోసం "ఇవాళ్టి నుంచి ముట్టొద్దు" అని ఒట్టు పెట్టించకండి. ఆయన తాగేది కల్లా, బీరా, రోజూనా, ఫంక్షన్లప్పుడేనా, ఎన్నేండ్ల నుంచి, ఇది కింద రాయండి. రోజూ కల్లయితే నేను పైన చెప్పిన నాలుగు వారాల లెక్క పక్కన పెట్టి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది.